తీగ మొదలు చూడబోయిన పిల్లమ్మ

బెంగళూరు కబ్బన్‌పేటలో పట్టుచీరలు నేసే అశ్వత్థప్ప ఇంటికి కరెంటు వచ్చి ఏడాది కూడా కాలేదు. రెండో ప్రపంచయుద్ధం ముగిసిన మరుసటేడు దసరాకు మగ్గాలు ఆపి, ఇంటిల్లిపాదీ ఎక్కడికైనా పోయిరావాలని ఆయన తీర్మానించాడు. యుద్ధకాలమంతా రేషను అంగడి ముందు నిలబడటంతోనే సరిపోయింది, ఊరు దాటింది లేదు. ఆయనకు నందిదుర్గం కొండ ఎక్కాలని ఉంది. మిడిల్ స్కూల్లో చదివే కూతురు అనసూయ మైసూరు పోదామంటుంది. వాళ్ళిద్దరూ వాదులాడుకుంటుంటే అశ్వత్థప్ప భార్య పిల్లమ్మ కండెలు చుడుతూ చాలాసేపు విని, తలెత్తి దూలం వెంట పోతున్న కరెంటు తీగను చూసింది.

"ఇది మొదలయ్యే తావు చూసొద్దామా?" అంది.

తీగ బిగించిన రోజే ఆమె లైన్‌మన్‌ను అడిగింది, కరెంటు ఎక్కణ్నుంచి వస్తుందని. శివనసముద్రం నుంచి, కావేరి నీళ్ళలో పుడుతుందని అతను చెప్పి నిచ్చెన ఎత్తుకుని వెళ్ళిపోయాడు. నీళ్ళు నిప్పును ఆర్పుతాయి గానీ దీపం వెలిగించడమేమిటో ఆమెకు అంతుబట్టలేదు.

అశ్వత్థప్ప నవ్వాడు. "కరెంటు చూసేదానికి ఎవరన్నా పనికి రజా పెట్టుకొని పోతారా?"

"కొండ చూసేదానికి పోతారు కదా. కొండ మన ఇంటికి ఎప్పుడన్నా వచ్చిందా? ఇది రోజూ వస్తా ఉండాది. దాని ఊరు చూడొద్దా?"

అయితే శివనసముద్రమే పోదామన్నాడాయన. అనసూయ బడి భూగోళం పుస్తకం తెచ్చి పటం తీసింది. కావేరి అక్కడ రెండుగా చీలి, నడుమ ఒక దీవిని వదిలి, రెండు పక్కలా కిందికి దూకుతుందని చదివి వినిపించింది. బుట్టలాంటి పుట్టి ఎక్కి ఏరు దాటవచ్చని పక్కింటివాళ్ళు చెప్పారు. ఆ మాటతో పిల్ల మైసూరు సంగతే మరిచిపోయింది. అశ్వత్థప్ప స్టేషనుకు పోయి, మద్దూరు దాకా రైలు, అక్కణ్నుంచి బస్సు అని కనుక్కొచ్చాడు. ఎలక్ట్రిక్ ఆఫీసులో పనిచేసే తెలిసినాయన ద్వారా కరెంటు పుట్టించే కట్టడం లోపలికి పోవడానికి అనుమతి కూడా సంపాదించాడు. పిల్లమ్మ పులిహోర, చక్కిలాలు, మారుబట్టలు మూటగట్టింది.

మద్దూరులో ఎక్కిన బస్సు పెట్రోలు కరువువల్ల బొగ్గు గ్యాసుతో నడిచేది. ఎత్తు వచ్చినప్పుడల్లా దానికి లాగే బలం చాలక అందరూ దిగి వెనకాలే నడవాల్సి వచ్చింది. తక్కినవాళ్ళు విసుక్కున్నారు గానీ పిల్లమ్మ నడుస్తూ, చేలకు అడ్డంగా పోతున్న స్తంభాలను చూసుకుంటూ, తీగలు తమకు ఎదురొస్తున్నాయని కూతురికి చూపించింది.

జలపాతం కంటే ముందు దాని హోరు వినిపించింది. తుంపర ముఖాన కొట్టింది. బండల మీద దిగుతూ అశ్వత్థప్ప కాలు జారి మోకాలిలోతు మడుగులో చతికిలబడ్డాడు. లేవకుండా అక్కడే కూర్చుని పగలబడి నవ్వాడు. ఆయన అలా నవ్వగా చూసి ఎన్నేళ్ళయిందోనని పిల్లమ్మకు అనిపించింది.

తర్వాత మెట్లు దిగి కట్టడంలోకి పోయారు. లోపల నేల అదురుతోంది. పెద్ద పెద్ద చక్రాలు తిరుగుతున్నాయి. వాళ్ళను వెంట తిప్పి చూపించిన ఉద్యోగి ఓపికగా చెప్పాడు: నీళ్ళు పైనుంచి గొట్టాల్లో దిగి చక్రాన్ని తిప్పుతాయి, ఆ తిరుగుడే తీగలోకి కరెంటుగా పోతుంది. పిల్లమ్మ గోడకు అరచెయ్యి ఆనించి ఆ అదురు కాసేపు వింది. బయటికి వచ్చాక, పని ముగించుకుని ఏట్లోకి పారుతున్న నీళ్ళ దగ్గరికి దిగి, దోసిట పట్టి ఒక గుక్క తాగింది.

"ఏం చూస్తుండావమ్మా?" అంది అనసూయ.

"అంత వెలుగు తీసుకున్నారు కదా, నీళ్ళలో ఏమన్నా తగ్గిందేమోనని. ఏమీ తగ్గలేదు."

సాయంత్రం పుట్టి ఎక్కారు. నీటి మీద అది గుండ్రంగా తిరుగుతుంటే అనసూయ కేరింతలు కొట్టింది. ఒడ్డు చేరేసరికి చీకటి పడుతోంది. పుట్టి నడిపే అతని భార్య కెంపమ్మ వాళ్ళను తన గుడిసె ముందు కూర్చోబెట్టి, కిరసనాయిలు బుడ్డి వెలిగించింది. పిల్లమ్మ చుట్టూ చూసింది. ఆ ఒడ్డున ఉన్న ఇళ్ళన్నిటా బుడ్లే మిణుకుమంటున్నాయి. కరెంటు పుట్టే ఊళ్ళోనే కరెంటు లేదు.

కెంపమ్మ కన్నడంలో అడగడం మొదలుపెట్టింది. బెంగళూరులో ఆ కరెంటు దీపం ఎలా ఉంటుంది? గాలికి ఆరిపోదా? పొగ రాదా? దాని కింద బియ్యంలో రాళ్ళు కనిపిస్తాయా? పిల్లమ్మ తెలిసినంతా చెప్పింది. నల్లదారం, ముదురు నీలం దారం పక్కపక్కన పెట్టినా తేడా తెలుస్తుందంది. కెంపమ్మ నమ్మలేదు. తన పెళ్ళికి ముందునుంచే ఈ తీగలు తల మీదుగా పోతున్నాయని, అవి పోయి ఎక్కడ ఆగుతాయో తానెప్పుడూ చూడలేదని చెప్పింది.

"అయితే మా ఇంటికి రా," అంది పిల్లమ్మ. "నీ మొగుణ్ని కూడా పిల్చుకొని రా."

కెంపమ్మ మొగుడి వైపు చూసింది. అతను పుట్టిని బోర్లించి ఆరబెడుతున్నాడు. ఏట్లో నీళ్ళు తగ్గి పుట్టికి పనిలేని రోజులు వస్తాయి కదా, అప్పుడైతే పోవచ్చన్నాడు. ఆ మాట విన్న అశ్వత్థప్ప దగ్గరికి జరిగి కూర్చుని, మద్దూరుకు పోయే బస్సు ఎక్కడ ఎక్కాలో, అది ఎత్తుల దగ్గర ఎందుకు ఆగుతుందో, స్టేషనులో దిగి కబ్బన్‌పేటకు ఎటు నడవాలో మట్టిలో పుల్లతో గీసి చూపించసాగాడు. కెంపమ్మ ఆ గీత సరిగా కనబడేలా బుడ్డి ఎత్తి పట్టుకుంది.