పిడుగు ఫోన్‌కు చల్లగాలి

ఫోన్లు మంచివో చెడ్డవో చెప్పడమే ఆవిడ వృత్తి. ఆ వృత్తిలో పాతుకుపోయిన కొద్దీ ఫోన్ల మీద, వాటిని తయారుచేసేవాళ్ల మీద, అవి విడుదలైన రోజున దుకాణాల ముందు బారులు తీరేవాళ్ల మీద ఆవిడకు చులకన పెరుగుతూ వచ్చింది. ఇంట్లోనే ఒక చిన్న గదిలో బల్ల, కెమెరా, రెండు దీపాలు పెట్టుకుని వీడియోలు చేసేది. కొత్త ఫోన్ చేతిలోకి తీసుకోగానే తనకు తెలియకుండానే మూతి ఒక పక్కకు వెళ్లిపోయేది. చూసేవాళ్లు ఆ విరుపును బట్టే ఆ ఫోన్ జాతకం చెప్పేసేవాళ్లు. అలా ‘మూతివిరుపు మేడమ్’ అన్న పేరు స్థిరపడింది. మొదట్లో ఒళ్లు మండింది గానీ, ఆ పేరు వింటే కంపెనీలవాళ్లు జంకుతున్నారని తెలిశాక అదే బాగుందనుకుంది.

అలాంటి ఆవిడ బల్ల మీదికి పిడుగు వచ్చి పడింది.

పిడుగు అంటే ఫోన్ పేరే. ఫోన్ అరచేతిలో పట్టేంత ఉంటే, అది వచ్చిన పెట్టె ప్రెషర్ కుక్కర్ పట్టేంత ఉంది. మూత తీయగానే పెట్టెలోంచి ఉరుము శబ్దం వచ్చింది. లోపల నల్ల మఖ్మల్ గుడ్డ, దాని మీద ఒక ఇత్తడి బిళ్ల, బిళ్ల మీద సింహం బొమ్మ. పక్కనే ఒక అట్ట: ‘సామాన్యుడి చేతిలో సింహగర్జన. రోజువారీ పనికీ ఇదే, గేమింగ్‌కూ ఇదే. ఖరీదైన ఫోన్లను తలదన్నే వేగం, వాటిలో సగం ధరకే.’

“పిడుగుకీ సింహానికీ ఎక్కడ చుట్టరికం కలిసిందో రాసినవాడికే తెలియాలి” అనుకుంటూ ఆవిడ ఆ బిళ్లను చెత్తబుట్టలో పడేసింది.

ఫోన్లను పరీక్షించడానికి ఆవిడకు ఇంట్లోనే ఇద్దరు మనుషులున్నారు. రోజువారీ వాడకానికి అత్తగారు. అత్తగారికి ఫోన్ అంటే చెల్లెలితో వీడియో కాల్. ఆ చెల్లెలు ఏళ్ల తరబడి అక్క నుదుటిని, ఇంటి పైకప్పును మాత్రమే చూస్తూ కబుర్లు చెప్పుకుంటోంది. ఫోన్ చేజారడం, మీద టీ ఒలకడం, తలగడ కింద ఉక్కిరిబిక్కిరి కావడం, ఇవన్నీ ఆ చేతుల్లో సహజంగా జరిగిపోయేవి. ఏ ప్రయోగశాలా అంత నిర్దాక్షిణ్యంగా ఉండదు.

గేమింగ్‌కు మరిది. పగలంతా కాల్ సెంటర్‌లో కూర్చుని జనం తిట్లు తిని, సాయంత్రం సోఫాలో కాళ్లు ముడుచుకుని గేమ్‌లో కనిపించినవాణ్ణల్లా కాల్చిపారేసేవాడు. పోటీల్లో కొద్దో గొప్పో పేరు కూడా తెచ్చుకున్నాడు. ఆ పేరంటే వదినకు లెక్కలేదు. “బొటనవేళ్లతో సాధించే ఘనకార్యం” అనేది.

ముందు ఫోన్ అత్తగారి చేతికి వెళ్లింది. రెండో రోజుకే ఆవిడ తీర్పు చెప్పేశారు.

“అమ్మాయ్, ఇది బాగుందే! అక్షరాలు పెద్దవిగా కనిపిస్తున్నాయి. చెల్లి గొంతు పక్కన కూర్చుని మాట్లాడినట్టుంది. పొద్దున ఛార్జింగ్ పెడితే పడుకునేదాకా అడగట్లేదు.”

“మీకు ఏ ఫోనిచ్చినా ఇదే మాటంటారు అత్తయ్యా.”

“అనను. పోయినసారి ఇచ్చావే, ఆ పలకలాంటిది, దాన్ని సోఫా వెనక పడేసి కనపడలేదని చెప్పాను.”

కోడలికి ఆ మాట రుచించలేదు. ఫోన్ బాగుంటే వీడియోలో చెప్పడానికి ఏమీ ఉండదు. దాన్ని మరిదికి ఇచ్చే ముందు, ఫోన్ వేగానికి స్కోరు వేసే టెస్ట్ యాప్‌ను తానే నడిపింది. స్కోరు చూసి కళ్లు నులుముకుంది. ఎన్నిసార్లు నడిపినా అంతే. ఎంతో ఖరీదైన ఫోన్లు కూడా దాని దరిదాపుల్లో లేవు.

ఫోన్ చేతికెళ్లిన సాయంత్రమే సోఫాలోంచి మరిది గొణుగుడు మొదలైంది.

“వదినా, మొదట్లో వెన్నలా పోతోంది. రెండో ఆటకొచ్చేసరికి నేను కాల్చాక కాసేపటికి తుపాకీ పేలుతోంది. ఈలోపు వాడు నన్ను కాల్చేస్తున్నాడు.”

“నీకు చేతకాక ఫోన్‌ని అంటున్నావా?”

“చేత్తో పట్టుకుని చూడు. పెనంలా ఉంది.”

పట్టుకుంది. నిజంగానే కాలుతోంది. తెర కూడా మసకబారింది. అప్పుడే మళ్లీ టెస్ట్ యాప్ నడిపితే తెర ధగధగ మెరిసి, పాత స్కోరే చూపించింది. అంత వేడి మీద అంత స్కోరు రావడం అసాధ్యం. ఆ యాప్ తయారుచేసినవాళ్లు తెలిసినవాళ్లే కాబట్టి, అదే యాప్‌ను క్యాలెండర్ అన్న మారుపేరుతో పంపించమని అడిగింది. దాన్ని నడపగానే పిడుగు బండారం బయటపడింది. స్కోరు సగానికి సగం పడిపోయింది. తనను పరీక్షిస్తున్నారని ఫోన్‌కు తెలిస్తే ఒళ్లు దాచుకోకుండా పరిగెడుతుంది. తెలియకపోతే ఈడ్చుకుంటూ నడుస్తుంది. పైఅధికారి మెట్లెక్కుతున్న చప్పుడు వినగానే గుండీలు పెట్టుకుని ఫైలు తెరిచే ఉద్యోగిలాంటి ఫోన్ అన్నమాట.

“మంచి ఫోన్‌కి దొంగబుద్ధి నేర్పారు వెధవలు” అంది ఆవిడ. చాలా రోజుల తర్వాత ఆవిడకు హుషారొచ్చింది.

విషయం అడుగుతూ కంపెనీకి రాస్తే, మర్నాడే వాళ్ల ప్రచారం చూసే మనిషి ఇంటికొచ్చాడు. తలుపు తీసినప్పుడు ఏ నవ్వుతో ఉన్నాడో, కుర్చీలో కూర్చున్నాక, మంచినీళ్లు తాగాక, ఆవిడ చీవాట్లు పెట్టాక కూడా అదే నవ్వుతో ఉన్నాడు. ఆవిడ మనసులో అతనికి ‘ఇకిలింపు’ అని పేరు పెట్టేసుకుంది.

“మీకొచ్చిన పీస్‌లో ఏదో తేడా ఉంది మేడమ్. ఇదిగో, కొత్తది తెచ్చాను.”

“మారుపేరుతో వస్తే గుర్తుపట్టలేకపోవడం పీస్‌లో తేడానా, మీ బుద్ధిలో తేడానా?”

“మీరు భలే సరదాగా మాట్లాడతారు మేడమ్” అని అతను ఇకిలించి, చూపు సోఫా వైపు తిప్పాడు. మరిదిని గుర్తుపట్టినట్టు లేచి నిలబడ్డాడు. “మీరు ఆయనే కదూ? మీ ఆట చూశాను. విడుదల రోజున వేదిక మీద మా ఫోన్‌తో ఆడి చూపించడానికి మంచి ఆటగాడి కోసం వెతుకుతున్నాం. బాగా ఆడితే మా టీమ్‌లోకే తీసుకుంటాం.”

మరిది ముఖం వెలిగిపోయింది. ఈ ఎత్తు ఎవరిని ఉద్దేశించిందో వదినకు వెంటనే అర్థమైంది. ఇంట్లో మనిషిని కట్టేసుకుంటే ఇంటావిడ నోరు దానంతటదే కట్టుబడుతుందని వాళ్ల లెక్క.

ఇకిలింపు వెళ్లగానే ఇంట్లో రభస మొదలైంది.

“ఒప్పుకోకు. నీ ఆట చూసి కాదు వాడొచ్చింది” అంది వదిన.

“నా ఆట నువ్వెప్పుడైనా చూశావా? నీ కళ్లకి ఎవరూ ఆనరు వదినా. ఫోన్లని తిట్టినట్టే మనుషుల్నీ తిడతావు.”

“వాడికి ఒక మంచి జరగబోతుంటే అడ్డం పడతావేంటమ్మాయ్?” అన్నారు అత్తగారు, ఫోన్ పైకెత్తి పట్టుకునే. అవతల చెల్లెలు కూడా అవునవునంది.

వదిన తన గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. అమ్ముడుపోయాడు అనుకుంది. ఇత్తడి బిళ్లతో పాటు చెత్తబుట్టలో వేయాల్సిన సరుకే ఇదీ అనుకుంది.

విడుదల రోజున పెద్ద హాలు అద్దెకు తీసుకున్నారు. పొగ, రంగు దీపాలు, చెవులు చిల్లులు పడే సంగీతం. ముందు వరుసల్లో విలేకరులు, వెనక వరుసల్లో చప్పట్లు కొట్టడానికి బస్సుల్లో తెచ్చిన కుర్రకారు. కార్యక్రమం మొదలవకముందు వదిన వేదిక ఎక్కి, మరిది ఆడబోయే గాజు బల్ల దగ్గరికి వెళ్లింది. ఎడమొహం పెడమొహంగా ఉన్నా, అత్తగారు పంపిన చొక్కా ఇవ్వాలి కదా.

చొక్కా బల్ల మీద పెట్టబోతే చేతికి చల్లగా తగిలింది. గాజు మధ్యలో సన్నని చిల్లులు. వాటిలోంచి మంచులాంటి గాలి పైకి వస్తోంది. బల్ల గుడ్డ కొంచెం ఎత్తి చూస్తే, కింద చిన్న శీతల యంత్రం గుర్రుమంటూ తిరుగుతోంది.

“ఈ గాలేంట్రా?”

“చేతులకి చెమట పట్టకుండా అట. ఎంత బాగా చూసుకుంటున్నారో చూడు” అన్నాడు మరిది ఎత్తిపొడుపుగా.

ఆ గాలి చేతులకు కాదు, ఫోన్‌కని వదినకు అర్థమై, దిగి వచ్చి తన కుర్చీలో కూర్చుంది. చెబితే వాడు నమ్మడు. నమ్మితే వెళ్లి వాళ్లకే చెబుతాడు అనుకుంది.

కంపెనీ యజమాని వేదికెక్కి సామాన్యుడి గురించి గొంతు బొంగురుపోయేలా మాట్లాడాడు. సామాన్యుడంటే ఎవరో అతను ఈ మధ్య ఎక్కడా చూసినట్టు లేదు. తర్వాత మరిది ఆడాడు. అద్భుతంగా ఆడాడు. వెనక ఉన్న పెద్ద తెర మీద చూస్తున్న వదినకు, బొటనవేళ్ల ఘనకార్యం అని తాను కొట్టిపారేసింది ఇదా అని ఒక్క క్షణం అనిపించింది. ఫోన్ చల్లచల్లగా, చురుగ్గా, ఎక్కడా తొట్రుపడకుండా నడిచింది. హాలు దద్దరిల్లింది.

ప్రశ్నలుంటే అడగమన్నారు. మైకు ఆవిడ చేతికి రాగానే ముందు వరుసల్లో నవ్వులు మొదలయ్యాయి.

“నాది ప్రశ్న కాదు, చిన్న కోరిక. ఆ అబ్బాయి బల్ల వదిలేసి, ముందుకొచ్చి నిలబడి ఇంకో ఆట ఆడతాడా? సామాన్యుడు బస్సులో నిలబడి ఆడుకుంటాడు కదా, అలా.”

యజమాని గొంతులో వెలక్కాయ పడింది. “అతను అలసిపోయి ఉంటాడు...” అని నసిగాడు. ఇకిలింపు పక్కనుంచి చేతులు ఊపాడు. కానీ బస్సుల్లో తెచ్చిన కుర్రకారుకు ఈ సంగతులేం తెలుసు? “ఆడాలి! ఆడాలి!” అని వాళ్లే అరిచారు. మరిది వదిన వైపు కోపంగా ఒక చూపు విసిరి, “నా ఆటకి బల్లెందుకు?” అని ఫోన్ తీసుకుని వేదిక అంచుకొచ్చి నిలబడ్డాడు.

పైన దీపాలు భగ్గున మండుతున్నాయి. మొదట బాగానే సాగింది. తర్వాత తెర మీద మనిషి ఆగి ఆగి పరిగెత్తడం మొదలుపెట్టాడు. మరిది నుదుటి మీద చెమట. ఫోన్‌ను ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. ఎదుటివాడు తీరిగ్గా నడుచుకుంటూ వచ్చి కాల్చేశాడు. ఆపైన ఆట మాయమై, హాలంతా చదువుకునేంత పెద్ద అక్షరాలు వచ్చాయి: ‘ఫోన్ బాగా వేడెక్కింది. కాసేపు పక్కన పెట్టండి.’

నవ్వు ఒక మూల మొదలై హాలంతా పాకింది. వదిన కూడా నవ్వబోయి, వేదిక మీదికి చూసింది. వాళ్లు నవ్వుతున్నది యజమానిని చూసి కాదు. అతను ఎప్పుడో తెర చాటుకు జారుకున్నాడు. దీపాల కింద ఒంటరిగా, కాలుతున్న ఫోన్ పట్టుకుని, అత్తగారు పంపిన చొక్కాలో నిలబడి ఉన్నది మరిది.

ఆ టీమ్ ముచ్చట అక్కడితో సరి. ఇంట్లో మరిది ఆవిడతో మాట్లాడటం మానేశాడు. ఆవిడ ఉన్న గదిలోంచి లేచి వెళ్లిపోయేవాడు. వీడియో మాత్రం ఊరూవాడా చూశారు. దాని చివర ఆవిడ, తనకు ఎంత కష్టంగా ఉన్నా, నిజమే చెప్పింది. “మాట్లాడుకోవడానికి, ఫొటోలు చూసుకోవడానికి పిడుగు మంచి ఫోన్. మా అత్తగారు తిరిగివ్వనంటున్నారు. గేమింగ్‌కు మంచి ఫోన్ అన్నవాడు అబద్ధాలకోరు. ఉన్నదున్నట్టు చెప్పి అమ్ముకునే సరుకు చేతిలో ఉండి కూడా మోసం చేసేవాణ్ణి ఏమనాలో నాకు తెలియదు.”

కొన్నాళ్లకు ఒక సాయంత్రం మరిది ఆవిడ గది గుమ్మంలో నిలబడ్డాడు.

“బల్ల కింద గాలి ఎందుకో నీకు ముందే తెలుసు కదా?”

“తెలుసు.”

“నాకెందుకు చెప్పలేదు?”

“చెబితే వాళ్ల దగ్గరికి వెళ్లి చెప్పేస్తావనుకున్నాను.”

“చెబితే నేనే బల్ల వదిలేసి వచ్చి నిలబడేవాణ్ణి వదినా. అదే ఆట, అదే ఓటమి. కాకపోతే తెలిసి నిలబడేవాణ్ణి.”

కంపెనీలను ఏకిపారేసే మనిషి, ఆ కుర్రాడి ముందు నీళ్లు నమిలింది. చివరికి, “నీ గురించి తప్పుగా అనుకున్నాను” అని మాత్రం అంది. అతను తల ఊపి, జేబులోంచి తన ఫోన్ తీసి బల్ల మీద పెట్టాడు. అందులో అప్పుడే తీసిన ఫొటో ఒకటుంది.

“అది సరేలే. ముందిది చూడు.”

బస్టాప్ మీద పెద్ద పోస్టర్. పిడుగు ఫోన్. పక్కన ఆవిడ ముఖం, నవ్వుతున్నట్టు దిద్దిన ముఖం. కింద పెద్ద అక్షరాల్లో ఆవిడ మాట: ‘గేమింగ్‌కు మంచి ఫోన్.’

ఆవిడకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇకిలింపుకు ఫోన్ చేసింది. “మీ నోటి నుంచి వచ్చిన మాటలే కదా మేడమ్, ఒక్క అక్షరం మార్చలేదు. అన్నట్టు మీ వీడియో వల్ల దుకాణాల్లో సరుకు ఖాళీ అయిపోయింది. మా సార్ థాంక్స్ చెప్పమన్నారు” అన్నాడతను. నవ్వు ఫోన్‌లోంచి కూడా వినిపించింది.

ఇద్దరూ కలిసి బస్టాప్‌కు వెళ్లారు. మరిది కెమెరా పట్టుకున్నాడు. ఆవిడ తన నవ్వుముఖం కింద నిలబడి, కత్తిరించిన వాక్యాన్ని మొదటి నుంచి చివరిదాకా, అబద్ధాలకోరుతో సహా, గట్టిగా చెప్పింది. బస్సు కోసం నిలబడ్డవాళ్లు చుట్టూ మూగారు. కూరగాయల సంచీ పట్టుకున్న ఒక పెద్దావిడ పోస్టర్‌నీ ఆమెనీ మార్చి మార్చి చూసి, ముందుకొచ్చింది.

“అదంతా సరేనమ్మా. ఇంతకీ కొనుక్కోమంటావా, వద్దంటావా?”

“మీరు గేమ్‌లు ఆడతారా?”

“నాకెందుకు గేమ్‌లు? మా అమ్మాయితో మాట్లాడుకోవాలి, అంతే.”

కెమెరా వెనక మరిది నవ్వాపుకుంటున్నాడు. ఆవిడ పళ్లు నూరింది, పోస్టర్ వైపు ఒకసారి చూసింది, ఆ పెద్దావిడ వైపు చూసింది.

“అయితే కొనుక్కోండి” అంది.