లేని పెట్టె

తొమ్మిదింటికి కొమురెల్లి రోజూలాగే కళ్లద్దాలు చొక్కా అంచుతో తుడుచుకుని కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. నలభై ఆరేళ్లు, ముందుకు వంగిన మెడ, బల్ల అంచు రాసుకుని కాయకాసిన మణికట్టు. శ్రీరాంపూర్ గనిలో బాపు బొగ్గు తవ్వితే, కరీంనగర్‌లో ఈ రెండో అంతస్తులో కొడుకుది ఉత్తరాలు చేరవేసే పని. ల్యాబుల నుంచి వచ్చే రక్తపరీక్షల రిపోర్టులు ఒక జావా ప్రోగ్రాం గుండా డాక్టర్ల ఫోన్లకు వెళ్లాలి. ఏది ఏ చిరునామాకు పోవాలో చూడటమే పదహారేళ్లుగా అతని ఉద్యోగం. ఇంతవరకూ పేరూ రాలేదు, మాటా రాలేదు.

ఇవాళ మాట వచ్చింది. పదకొండు రోజులుగా అర్జంటు రిపోర్టులు ఏ డాక్టరుకూ చేరలేదు. రెండువందల పన్నెండు, ఎవరూ తెరవని ఒక పెట్టెలో పడి ఉన్నాయి. వాటివల్ల ఎవరికేమైందో ఇంకా ఎవరూ చెప్పలేదు.

పదకొండు రోజుల కిందట, అర్జంటు రిపోర్టులను పాత చిరునామాకు మళ్లించే మార్పు చేసే ముందు, పక్క సీటు మహేశ్వరి కొమురెల్లిని అడిగింది. “అన్నా, గా పాత చిరునామా ఇంకా ఉన్నదా, జర చూస్తవా?”

చూశాడు. కానీ ఆ ప్రోగ్రాంకు ఆధారమైన ఫ్రేమ్‌వర్కుకు మొహమాటం ఎక్కువ. ఫలానా చిరునామా ఇమ్మని అడిగితే లేదనదు, అప్పటికప్పుడు ఎవరూ చూడని కొత్త పెట్టె ఒకటి పుట్టించి చేతిలో పెడుతుంది. ఉందో లేదో మాత్రమే తెలుసుకునే దారి వేరే ఉంది. కొత్తగా చేరినవాళ్లకు మొదటి రోజే ఆ తేడా చెప్పేది కొమురెల్లే. మహేశ్వరికీ అతనే చెప్పాడు. ఆ రోజు అన్నానికి లేచే తొందరలో తనే తప్పు దారిన అడిగి, “ఉన్నది, పంపు” అనేశాడు.

మార్పు మహేశ్వరి పేరు మీద ఉంది. ఆమె కాంట్రాక్టు మనిషి. పదకొండింటికి మేనేజరు అరుణ్‌కుమార్ ఇద్దరినీ పిలిచాడు. మహేశ్వరి తన బల్ల మీది క్యాలెండరు పట్టుకుని వచ్చింది.

“చూసుకోకుంట ఎట్ల పంపినవమ్మా?”

ఆమె కొమురెల్లి వైపు చూసింది. అతను అద్దాలు తీసి తుడవసాగాడు. ఒక్క ముక్క చెబితే చాలు. తన మీద తనకే రోత పుట్టింది, అయినా అద్దాలు తుడుస్తూనే ఉన్నాడు.

మహేశ్వరి క్యాలెండరును ఒళ్లో బోర్లా పెట్టుకుంది. “నాదే పొరపాటు సార్.”

రేపటి నుంచి రావద్దన్నారు. మూడింటికి ఆమె బ్యాగు సర్దుకుంది. కొమురెల్లి మెట్ల దాకా వెంట వెళ్లాడు.

“నేను చెప్త మహేశ్వరీ. ఇప్పుడే పోయి చెప్త.”

“చెప్పేటప్పుడు చెప్పలే గదన్నా,” అంది, కోపం లేకుండానే. “కొత్తోళ్లకు మాత్రం మంచిగ నేర్పు.”

అరుణ్‌కుమార్ గది తలుపు తెరిచే ఉంది. దాని ముందు నుంచి కొమురెల్లి రెండుసార్లు మంచినీళ్లకు వెళ్లొచ్చాడు. నీళ్లు మాత్రం తాగలేదు.

ఐదింటికి ఊడ్చే గంగుబాయి మహేశ్వరి బల్ల దగ్గర ఆగింది. “సార్, గిది పారెయ్యాల్నా?”

క్యాలెండరు. చేసిన ప్రతి పనీ ఆ గడుల్లో రాసుకోవడం మహేశ్వరి అలవాటు. పదకొండు రోజుల కిందటి గడిలో గుండ్రటి అక్షరాలు: ‘పాత చిరునామా కొమురెల్లన్న చూసిండు. ఉన్నదన్నడు.’

“వద్దు, ఉండనియ్యి,” అన్నాడు కొమురెల్లి.

గంగుబాయి దుమ్ము తుడిచి, క్యాలెండరును అతని కుర్చీ వైపు తిప్పి నిలబెట్టి వెళ్లింది.