బుధవారం కురిసే మంచు

నేను ఒక రేకు డబ్బాను. నెత్తిన గరాటు, గరాటు మీద సన్నని తీగ జాలీ. విశాఖలో మస్తాన్ అనే రేకుపనివాడు నన్ను చేశాడు. అంతా అయ్యాక, "మూత పెట్టనా సార్?" అని అడిగాడు. నన్ను చేయించుకున్న డాక్టర్ పరాంకుశం గారు నవ్వి, "మేఘాన్ని పట్టే డబ్బాకు మూతేమిటయ్యా" అన్నారు. ఆ నవ్వు ఆయనకు ఇరవై ఏళ్ల తర్వాత తగిలింది.

ఆయన అడవుల శాస్త్రవేత్త. గుమ్మికొండ మీద మేఘాలు చెట్ల మధ్యకే దిగి నడుస్తాయి. వాన లేని రోజు కూడా ఆకులు కారుతూనే ఉంటాయి, కొమ్మకొమ్మకూ నాచు. ఈ అడవి మేఘం నుంచి ఎన్ని నీళ్లు తాగుతుందో కొలవడమే ఆయన జీవితం. నన్ను కొండ దిగే దారి పక్కన పెట్టారు. మేఘం నా జాలీకి తగిలి చుక్కలై లోపలికి జారేది. ఆయన పగలంతా అడవిలో నాచు లెక్కపెట్టుకుని, సాయంత్రం వచ్చి నా కడుపులో నీళ్లు కొలిచి పుస్తకంలో రాసుకునేవారు.

మార్చిలో, ఆకాశం అద్దంలా ఉన్న రోజున కూడా నాలో నీళ్లుండేవి. మరొకరైతే అనుమానపడేవారు. ఈయన సిద్ధాంతం కట్టారు. దానికి 'పరాంకుశం ప్రభావం' అని స్వయంగా పేరు పెట్టుకుని, ఆ పేరు వేరెవరో పెట్టినట్టు సిగ్గుపడేవారు. బుధవారం నీళ్లు మరీ ఎక్కువ ఎందుకుంటాయో వివరిస్తూ నాలుగు పేజీలు రాశారు. బుధవారం కొండ కింద సంత. ఆ ముక్క చెప్పడానికి ఊళ్లో ఎవరైనా చాలు, కానీ ఆయన ఎవరినీ అడగలేదు.

ఇంతలో ఒక హోటల్ కంపెనీ కన్ను కొండ మీద పడింది. చెట్లు కొట్టి గదులు కడతామంది. గురువారం మండల ఆఫీసులో విచారణ. అడవి తాగే నీరు ఫలానా అంకె దాటితే కొండను ముట్టుకోకూడదని నిబంధన. ఆయన పుస్తకంలోని అంకె దాన్ని హాయిగా దాటేసింది.

ముందురోజు, అంటే బుధవారం, ఆయన అడవికి పోకుండా నా పక్కనే కూర్చుని నన్ను తుడుస్తున్నారు. కొండ మీది ఊరి వంతాల చిలకమ్మ చీపురుకట్టలతో సంతకు పోతూ ఆగింది. తాగే నీళ్ల ఆనపబుర్ర వంచి, పుడిసెడు నీళ్లు నా గరాటులో పోసింది.

"ఏం చేస్తున్నావమ్మా?" అన్నారాయన.

"ఖాళీ ముంత దారిలో నోరు తెరుచుకుని ఉంటే ఎల్లిన పని అవదు కదా బాబూ. అందుకే అందరం పోసి ఎల్తాం. నువ్వు ఒట్టి ముంత ఎట్టేసి పోయావు, మేం పోయకపోతే ఎవులు పోస్తారు?"

"ఎప్పట్నుంచి?"

"నువ్వు ఎట్టిన కాడ్నుంచి."

ఆమె దిగిపోయింది. ఆయన పుస్తకం తీసి లెక్క వేసుకున్నారు. ఊళ్లోవాళ్లు పోసిన నీళ్లు తీసేస్తే అంకె నిబంధనకు కాస్త కిందికి పడిపోతుంది. నిజం చెబితే ఆయన పేరు, ఆ పేరుతోపాటు కొండ, రెండూ పోతాయి. పొరపాటున ఒక చుక్క ఎక్కువ రాసిన విద్యార్థులను నిలబెట్టి కడిగేసిన మనిషి. నాకు జాలేసింది, నవ్వు కూడా వచ్చింది.

మర్నాడు నన్ను బల్ల మీద సాక్ష్యంగా పెట్టారు. అధికారి అంకె అడిగాడు. డాక్టర్ గారు వెనక వరసలో ఉన్న చిలకమ్మను చూశారు. పుస్తకం తెరిచి, ఉన్న అంకె ఉన్నట్టు చదివేశారు. హోటల్ వాళ్లు వేరే కొండ వెతుక్కున్నారు. సైన్స్ గెలిచిందని మర్నాడు పేపర్లు రాశాయి.

ఇప్పుడు నేను విశ్వవిద్యాలయం మ్యూజియంలో, గుమ్మానికి ఎదురుగా, అద్దాల పెట్టెలో ఉన్నాను. కింద ఆయన పేరు పెద్దక్షరాల్లో. చిలకమ్మ పేరు లేదు. ఆయన పదవీ విరమణ సభ ఇక్కడే జరిగింది. అందరూ టిఫిన్లకు కదిలాక ఆయన ఒక్కరే వెనక్కి వచ్చారు. అటూ ఇటూ చూసి, అద్దం తలుపు జరిపి, సీసాలోంచి అరచేతిలోకి నీళ్లు వంచుకుని నా గరాటులో పోశారు.

అలవాటు కొద్దీ జేబులోంచి పుస్తకం తీశారు. కాసేపు పట్టుకుని, మళ్లీ లోపల పెట్టేసుకున్నారు.