గడప ముందు ఒంటి చెప్పు

మా ఆయనకు అమ్మాయిల కాలేజీలో వాచ్‌మన్ పని దొరికింది. ఉండడానికి మెట్ల కింద గది ఇచ్చారు. పైన మేడలన్నీ హాస్టల్లో ఉండి చదువుకునే పిల్లలు. చీకటి పడగానే చదువు గంట కొడతారు. మళ్ళీ భోజనాల గంట దాకా ఎవరూ నోరు విప్పకూడదు. మా బుడ్డోడు ఏడుపు అందుకునేది సరిగ్గా అప్పుడే.

ఒక సాయంత్రం తలుపు తీస్తే గడప ముందు ఒంటి చెప్పు, బోర్లించి ఉంది.

"గోల చేసేవాళ్ళకు ఇక్కడ అలా తెలియజేస్తారట. నోటితో అనరట," అన్నారు ఆయన.

వార్డెన్ అమ్మగారి కంట పడితే గది ఖాళీ చెయ్యమనరూ? చంటిపిల్లాడితో ఎక్కడికి పోతాం? చెప్పును మంచం కిందికి తోసేశాను. మర్నాడు ఇంకోటి, ఆపై రోజు మరోటి. అవీ తోసేశాను.

చివరకు అమ్మగారే వచ్చారు. వెనకాల కళ్ళజోడు పిల్ల, ఒక కాలికి చెప్పు లేదు.

"ఏమ్మా, మా పిల్లల చెప్పులన్నీ దాచి దుకాణం పెడతావా?"

నాకు నవ్వు రాలేదు. అన్నీ లాగి ముందు పెట్టాను. "వాడికి కడుపులో గాలి చేరుతోందమ్మగారూ. సర్దుకుంటుంది. గది మాత్రం తీసెయ్యకండి."

"గది సంగతి ఎవరెత్తారు?" ఆవిడ మంచం అంచున కూర్చున్నారు. "కాలేజీ పెట్టిన కొత్తలో ఈ చప్పుళ్ళ మీదే తగువులాడుకుని పిల్లలు మొహాలు చూసుకోవడం మానేశారట. అప్పటి ప్రిన్సిపాలమ్మ ఈ పద్ధతి పెట్టింది. చెప్పు పెట్టినవాళ్ళు తెల్లారి దాని కోసం రావాలి, కూర్చుని మాట్లాడుకోవాలి. నువ్వు దాచేస్తే ఏమని వస్తారు?"

"వచ్చి, చెప్పు కనపడక వెనక్కి పోయానక్కా," అంది కళ్ళజోడు. "మీకు కోపమొచ్చిందనుకున్నాం."

నాకా, కోపమా! ఆ పిల్ల చేతులు చూశాను. గోళ్ళన్నీ కొరికేసుకుంది. నేను బడి మధ్యలో మానేసినదాన్నే గాని, పరీక్షల భయం ఎరగనిదాన్ని కాదు.

"ఆ కాసేపు వీణ్ణి వంటశాల వెనక్కి ఎత్తుకుపోతాను తల్లీ. అక్కడైతే మీకు వినపడదు."

"చలిలోనా? వద్దు. మా గదిలోవాళ్ళం అవతలి హాల్లో చదువుకుంటాంలే. ముందు వాణ్ణి ఇటివ్వండి."

ఆ పిల్ల భుజాన వేసుకోగానే వాడు గొంతెత్తి ఏడుపు అందుకున్నాడు.

"మా లెక్చరర్‌కన్నా నయం," అందా పిల్ల. "వీడు నిద్రపుచ్చడు."

అమ్మగారు నవ్వుతూ లేచారు. గుమ్మం దగ్గర ఆగి పక్కనున్న కిటికీ రెక్కను కదిపి చూశారు.

"మీ ఆయన్ని ఈ రెక్క బిగించమను. చలికాలమంతా గాలి కోసేస్తుంది ఇక్కడ."