నల్లచేతుల దండం

మా ఆయన పేరు నేను నోటితో పలికేదాన్ని కాదు. మొన్న పోలీసులు మూడుసార్లు చెప్పించారు కాబట్టి ఇంకెక్కడి సిగ్గు. పెంటప్ప. షోలాపూర్‌లో అశోక్ చౌక్ వెనక రమేశ్ సేఠ్ కార్ఖానాలో నూలుకు రంగు వేస్తాడు. నలభై ఏళ్ళుగా అదే పని.

ఆయనకొక పిచ్చి నమ్మకం. దేశాన్ని ఏలే పెద్దాయన మంచివాడట, కిందివాళ్ళే దొంగలట. ఆ పెద్దాయన ఒకనాడు టీవీలోకి వచ్చి, నేత పని చేసే ప్రతివాడూ ఇకమీద నూలు ఒకే డిపోలో కొనాలన్నాడు. ‘ఒకే దేశం, ఒకే దారం’ అని దానికి పేరు కూడా పెట్టాడు. డిపో ఎవరిదయ్యా అంటే ఆయన విమానంలో పక్కన కూర్చునే దోస్తుది. ఏడాది తిరిగేసరికి నూలు ధర రెట్టింపయింది, మా గల్లీలో సగం మగ్గాలు ఆగిపోయాయి. ఇదేం న్యాయమని కొంతం చౌక్‌లో యూనియన్ శ్రీకాంత్ కరపత్రాలు పంచితే, దేశద్రోహి అని ఎనిమిది నెలల నుంచి జైల్లో పెట్టారు. ఇంత జరిగినా మా ఆయన మాట మారలేదు.

"ఆయనకు తెల్వది యమునా. ఎవలన్న పోయి చెప్తే ఒక్క దినంల సరిజేస్తడు" అనేవాడు.

ఆ మాట విన్నప్పుడల్లా నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. తెలియకుండానే దోస్తుకు డిపో ఇచ్చాడా అని అడిగితే, ఆడదానికి రాజకీయాలెందుకని నవ్వేవాడు. నాకు రాజకీయాలు రావు, బియ్యం ధర వచ్చు.

అట్లాంటిది ఆ పెద్దాయనే షోలాపూర్‌కు వస్తున్నాడని తెలిసింది. వేదిక మీద ఒక ముసలి పద్మశాలి చేత ఆయనకు ఇక్కడి నేత దుప్పటి, అదే చద్దర్, ఇప్పించాలని పార్టీ కార్యకర్త తుషార్ కుంభారిలోని మా ఇంటికి వచ్చాడు. తెల్ల మీసం, తెల్ల టోపీ, ధోవతి, ఫోటోలో బాగుంటాడని మా ఆయననే ఎంచాడు. తుషార్ గడప దాటాడో లేదో, ఈయన హిందీలో ఒక వాక్యం తయారు చేసుకున్నాడు. "సాబ్, ధాగా బహుత్ మెహెంగా హో గయా, డిపో హటా దీజియే." నూలు బాగా పిరమైంది, డిపో తీసేయండి అని. పళ్ళు తోముకుంటూ అదే, బస్సులో అదే. నెలాఖరుకు కార్ఖానా మూసేస్తానని సేఠ్ అప్పటికే చెప్పేశాడు. మాకు మిగిలింది ఆ ఒక్క వాక్యమే. నమ్మనంటూనే నేను కూడా పక్కన కూర్చుని తప్పులు దిద్దాను, ఆశ ఎంత సిగ్గులేనిదో చూడండి.

సభకు ముందురోజు, మూడు వారాలుగా రాని నూలు డిపో నుంచి వచ్చింది. క్షౌరశాలల కోసం నల్ల తువ్వాళ్ళ ఆర్డరు. ఆ రోజే రంగు వేయకపోతే ఆర్డరు పోతుంది. చేతి తొడుగులు చిరిగి ఆర్నెల్లయింది, సేఠ్ కొత్తవి కొనడం మానేశాడు. మా ఆయన వట్టి చేతులే రంగు తొట్టిలో ముంచాడు. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి మోచేతుల దాకా నలుపు.

తెల్లారి లేచి రుద్దడం మొదలుపెట్టాం. నిమ్మకాయ, కిరోసిన్, బ్లీచింగ్ పౌడర్, చివరికి కాళ్ళు రుద్దుకునే రాయి. చర్మం లేచిందే గాని రంగు లేవలేదు. బొగ్గును పాలతో కడిగినట్టే అయింది. పక్కింటి మంగళ వచ్చి, కష్టం చేసిన చేతులే కదా పెద్దాయనే మెచ్చుకుంటాడులే అంది. నాకు మాత్రం కుదురు లేదు. కూర్చుంటే లేవాలని, లేస్తే కూర్చోవాలని. అట్లాగే బస్సు ఎక్కాం.

మైదానం గేటు దగ్గర అసలు సంగతి తెలిసింది. నల్లది ఏదీ లోపలికి పోకూడదట. ఎవరైనా నల్లజెండా ఊపుతారని భయమట. గొడుగులు, జడ రిబ్బన్లు, ఒక ముసలమ్మ చేతిసంచి, అన్నీ కుప్ప పోశారు. ఆడపోలీసు నా మెడ చూసి నల్లపూసలు జాకెట్టు లోపలికి వేసుకోమంది. వేసుకున్నాను. తర్వాత ఆమె చూపు మా ఆయన చేతుల మీద పడింది.

ఆమె ఇన్‌స్పెక్టర్‌ను పిలిచింది, ఇన్‌స్పెక్టర్ ఇంకెవరినో పిలిచాడు. తుషార్ చెమటలు కక్కుతూ ఏదో నచ్చజెప్పాడు. చివరికి తేల్చి చెప్పారు. చేతులు చద్దర్ కింద దాచుకుని వెళ్ళాలి, ఇచ్చేసి చేతులు వెనక్కి కట్టుకోవాలి, నోరు తెరవకూడదు. మా ఆయన బుద్ధిగా తల ఊపాడు. నా పక్కనుంచి పోతూ పెదవులు కదిలిస్తున్నాడు. ఆ వాక్యమే.

ఆడవాళ్ళ వరసలో నిలబడి పెద్ద తెర మీద చూశాను. చద్దర్ తీసుకున్నది పెద్దాయన కాదు, వెనకనున్న సఫారీ సూటు కాపలా మనిషి. పెద్దాయన ఒక చెయ్యి చద్దర్ మీద వేసి కెమెరా వైపు నవ్వాడు. మా ఆయన చేతులు ఖాళీ అయ్యాయి. వెనక్కి కట్టుకోమన్నది మరిచాడో, పెద్దమనిషి ముందు అట్లా నిలబడటం తప్పనుకున్నాడో, రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు.

తెర నిండా ఆ చేతులే. మొత్తం మైదానం చూసింది. పెద్దాయన గబుక్కున రెండడుగులు వెనక్కి వేశాడు. నలుగురు మా ఆయన మీద పడ్డారు. తెర మీద వెంటనే ఆ దృశ్యం పోయి పార్టీ జెండా బొమ్మ వచ్చింది. నేను అరుస్తూ ముందుకు ఉరికితే కర్రలు అడ్డం పెట్టారు.

ఠాణాలో సాయంత్రం దాకా అదే ప్రశ్న. ఏ పార్టీ, ఎవరు పంపారు, చేతులకు నలుపు పూసుకొమ్మని ఎవరు చెప్పారు. నన్ను కూడా కూర్చోబెట్టి, వాడి పేరేంటి, మళ్ళీ చెప్పు, మళ్ళీ చెప్పు అన్నారు. రమేశ్ సేఠ్ రంగు వేసిన నూలు కట్ట ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టి, ఇదీ సార్ ఆ నలుపు అని చూపించాక గాని నమ్మలేదు. ఇట్లాంటి పని మళ్ళీ చేయనని రాసిన కాగితం మీద వేలిముద్ర వేయమన్నారు. మా ఆయన కాగితం వైపు చూశాడు.

"ఏం పని మల్ల చెయ్యొద్దు సాబ్? దండం పెట్టుడా?" అన్నాడు.

వేలు పట్టుకుని అద్దారు.

కుంభారి బస్సులో ఇద్దరికీ సీటు దొరికింది. దారి పొడుగునా స్తంభానికో పోస్టరు, ప్రతి పోస్టరులో పెద్దాయన మనకే దండం పెడుతున్నాడు. మా ఆయన పెదవి వాచింది, కోపం రావాల్సిన చోట నాకు ఏడుపు వచ్చింది. ఆ వాక్యం చెప్పగలిగావా అని అడిగాను. తల అడ్డంగా ఊపాడు. సరేలే, పెద్దాయనకు తెలియనే లేదు కదా, ఇంకెప్పుడైనా చెబుదువులే అన్నాను. వెటకారానికి కాదు, మనిషి బతకడానికి ఏదో ఒకటి ఉండాలి కదా అని.

ఆయన తన చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటినే చూస్తున్నాడు.

"తెల్వది అనకు యమునా. నేను ఆయన కండ్లు దగ్గర నుంచి చూసిన. దండం పెడితే భయపడ్డడు. ఏం తెల్వనోడు గట్ల భయపడడు."