డోలుచెవి

పప్పు మాడిన వాసన వాకిట్లోకి వచ్చినా జగదీశ్ లేవలేదు. దండెం మీద బట్టలు ఆరేస్తున్న మనీషా లోపలికి పరుగెత్తేసరికి కుక్కర్ అడుగు బొగ్గయింది. అతను వంటింటి గడప పక్కనే కూర్చుని ఫోన్ చూస్తున్నాడు. చెవుల్లో ఏమీ పెట్టుకోలేదు కూడా.

మూడు విజిళ్లు రాగానే కట్టేయమని ఆమె చెప్పే వెళ్లింది. అతను తల ఊపాడు. ఇప్పుడేమో అసలు విజిలే రాలేదంటున్నాడు, గ్యాస్కెట్ పాడై ఉంటుందంటున్నాడు. ఆ గ్యాస్కెట్ దసరాకే మార్చారు.

మనీషా గొడవ పడలేదు. పడితే అత్తమ్మ వస్తుంది. వచ్చి, మనీషా అన్న మాటనే తన బొంగురు గొంతుతో మళ్లీ అంటుంది. దానికి మాత్రం కొడుకు జవాబిస్తాడు. ఏడాదిగా ఇదే వరస. కూరలో ఉప్పు సరిపోయిందా అని తను అడిగితే పలకడు. చంద్రమ్మ అదే అడిగితే సరిపోయిందమ్మా అంటాడు. కందుకూరులో ఉన్న అక్క రేఖతో ఫోన్లో చెప్పుకుంటే, కొందరు మగవాళ్లు ఎన్నేళ్లొచ్చినా తల్లి కొంగు వదలరని ఆమె తేల్చేసింది.

అతనికి వినబడదేమో అని మనీషాకు ఎన్నడూ తోచలేదు. తోచే వీలే లేదు. ఎయిర్‌పోర్టులో విమానాలకు సామాను ఎక్కించి దించే పని అతనిది. ఇంటి మీద నుంచి విమానం పోతుంటే తలెత్తకుండానే అది పెద్దదో చిన్నదో చెప్తాడు. విమానం వచ్చినప్పుడు మాట మధ్యలో ఆపి, పోయాక అందుకోవడం ఆ కాలనీలో అందరికీ అలవాటు. వీధి మలుపులో బుల్లెట్ బండి తిరిగితే స్నేహితుడు నరేందర్ వచ్చాడంటాడు. తల్లి మేడ మీద నుంచి పిలిచినా పలుకుతాడు. వినబడనిదల్లా తన గొంతే. లెక్కలేకనే కదా.

పైగా అతనిది పాటల పిచ్చి. మామూలు పాటలు కావు, హెవీ మెటల్. డిప్లొమా చదివేటప్పుడు అంటుకుందట. పెళ్లయిన కొత్తలో అవి విని మనీషా బెదిరింది. గిటార్లు రంపం కోసినట్టుంటాయి, పాడేవాడు గొంతులో గులకరాళ్లు పోసుకుని తిడుతున్నట్టుంటాడు. చంద్రమ్మ మాత్రం బెదరలేదు. ఆమె తండ్రి ఒగ్గు కథ చెప్పే మేళంలో డోలు కొట్టేవాడు. తెల్లవార్లూ డోళ్ల పక్కన నిద్రపోయిన దాన్ని, నాకు ఇవేం చప్పుళ్లని నవ్వేది. ఈ మధ్య కొడుకు తల నిమురుతూ, "మా బాపు లెక్కనే, డోలుచెవి వీనిది" అంటోంది. డోలంటే ప్రాణం పెట్టే చెవి అని మనీషా అర్థం చేసుకుంది. తండ్రి కళ మనవడికి వచ్చిందని మురిసిపోతోంది కాబోలనుకుంది.

డిసెంబర్ చివరి ఆదివారం వాళ్ల మేడ మీద ముగ్గురు కూడడం ఆనవాయితీ. జగదీశ్, క్యాబ్ నడిపే నరేందర్, కొత్తూరులో మందుల కంపెనీలో పనిచేసే ప్రియదర్శిని. ఆ ఏడు వచ్చిన వాటిలో తమకు నచ్చిన ఆల్బమ్‌లు, చూసిన కచేరీలు ఒక్కొక్కరే చివరి స్థానం నుంచి మొదటి స్థానం దాకా చెప్పాలి. చెప్పిన ప్రతి ఆల్బమ్ నుంచి ఒక పాట వినిపించాలి. మిగతా ఇద్దరూ దాన్ని చీల్చి చెండాడాలి. జగదీశ్‌కు అది పండుగ. నవంబర్ నుంచే దాని మాట ఎత్తేవాడు. ఈసారి ఎత్తలేదు. ఆ శుక్రవారం ఏటేటా చేసే మెడికల్ పరీక్షకు సోమవారం రమ్మని కంపెనీ నుంచి మెసేజ్ వచ్చింది. అప్పటి నుంచి మరీ ముభావంగా ఉన్నాడు. నిరుడు అదే పరీక్షలో చెవులు బాగా లేవని తేలి, బిక్షం అనే తోటివాణ్ణి విమానాల దగ్గర నుంచి తీసేసి గోదాములో కూర్చోబెట్టారు. ఆ కబురు మనీషాకు చెప్పింది కూడా జగదీశే.

ఆదివారం మధ్యాహ్నం మేడ మీద చాప పరిచారు. ఒక మూల చంద్రమ్మ ఎండుమిరపకాయల తొడిమలు తీస్తోంది. మనీషా మిర్చి బజ్జీలు పట్టుకుని పైకి వచ్చేసరికి నరేందర్ తన జాబితా కొసకు వచ్చాడు. తన మొదటి స్థానం బొగ్గుబాయి అనే బ్యాండుకట. గోదావరిఖని పిల్లలు, తాతలు గనుల్లో దిగినవాళ్లు. ఆల్బమ్ పేరు కింది షిఫ్టు.

"కండ్లు మూసుకొని ఇనుండ్రి. షురూనే సంపిండ్రు" అని నరేందర్ పాట పెట్టాడు.

మొదట గిటార్లు లేవు, అరుపులు లేవు. డ్రమ్ములాయన ఇత్తడి పళ్లేలను పుల్ల కొసతో తాకుతున్నట్టుంది. సన్నగా, దూరంగా మొదలై దగ్గరకొస్తోంది. మనీషా పళ్లెం పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఈ పాటల్లో ఇలాంటిది కూడా ఉంటుందా అనుకుంది. ప్రియదర్శిని కళ్లు మూసుకుంది.

జగదీశ్ స్పీకర్ వైపు వంగాడు.

"ఏందిరా, ఇంకా పెట్టలే? బ్లూటూత్ పోయినట్టుంది సూడు."

నరేందర్ నవ్వాడు. "మజాక్ బందు జెయ్యన్నా. మంచి జాగల ఉన్నది."

జగదీశ్ కూడా నవ్వాడు. కానీ నవ్వడానికి ముందు అతను ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. వాళ్లు ఏదో వింటున్నారని అర్థమయ్యాక నవ్వాడు. మనీషా దాన్ని చూసింది. ఇంతలో గిటార్లు విరుచుకుపడ్డాయి, చాప కింద నేల అదిరింది. జగదీశ్ మొహం వికసించి తల ఊపడం మొదలుపెట్టాడు.

తర్వాత అతని వంతు. ఒక్కో ఆల్బమ్ చెప్పి పాట పెడుతుంటే ప్రియదర్శిని పగలబడి నవ్వింది. అన్నీ నత్తనడక పాటలే. రోడ్ రోలర్ పోతున్నట్టు బరువుగా, మెల్లగా.

"ముసలోడివైనవ్ జగదీశన్నా. నిరుడు స్పీడు లేకుంటే అది మెటలే కాదని నాతోని లొల్లి పెట్టుకున్నది నువ్వేనా?"

ఇక కచేరీల్లో అతను మొదట నిలబెట్టింది కొత్తూరు దగ్గర మూతపడ్డ షెడ్డులో జరిగిన దాన్ని. బెంగుళూరు దాకా వెళ్లి చూసిన పెద్ద కచేరీ అతని లెక్కలోనే లేదు. ఆ షెడ్డులో సౌండ్ దరిద్రంగా ఉందని, గుమ్ముగుమ్మనడం తప్ప ఒక్క ముక్క తెలియలేదని మిగతా ఇద్దరూ మీద పడ్డారు. ఆ రోజంతా అతను పెద్ద స్పీకర్‌కు వీపు ఆనించి నిలబడ్డాడని నరేందర్ ఎగతాళి చేశాడు.

"నాకు గక్కడనే మంచిగ వినబడ్డది" అన్నాడు జగదీశ్. అతని గొంతులో ఆట లేదు.

నవ్వులు ఆగిపోయాయి. మొగుడు చిన్నబోయాడని మనీషాకు బాధనిపించింది. అతని మీద ఎంత కోపమున్నా బయటివాళ్ల ముందు అతని పక్షమే. పళ్లెం కింద పెడుతూ, "మీకేం తెలుసు, మా ఆయనది డోలుచెవి. అత్తమ్మనే అంటది. కాదా అత్తమ్మా?" అంది.

చంద్రమ్మ చేతిలో మిరపకాయ అలాగే ఉండిపోయింది.

డోలుచెవి అంటే ఏమిటని నరేందర్ అడిగాడు. చంద్రమ్మ కొడుకు వైపు చూసింది. అతను స్పీకర్ వైర్ సర్దుతున్నాడు. ఆమె మెల్లగా చెప్పింది. వాళ్ల మేళంలో డోలు కొట్టేవాళ్లకు పెద్దతనం రాకముందే డోలు దిక్కు చెవి పోయేదట. పుల్లదెబ్బ పడే వైపు చెవి. ముందు పిట్టల కూతలు పోతాయి, తర్వాత చిన్నపిల్లల మాటలు, ఆడవాళ్ల మాటలు. డోలు మాత్రం వినబడుతూనే ఉంటుంది. అందుకని ఎవరికీ అనుమానం రాదు. వాళ్లింట్లో దాన్నే డోలుచెవి అనేవారు.

విమానమొకటి తల మీదుగా పోయింది. అది పోయాక ఎవరూ మాట అందుకోలేదు. జగదీశ్ లేచి కిందికి వెళ్లిపోయాడు.

మెట్ల దగ్గర మనీషా అత్తగారి చేయి పట్టుకుని ఆపింది.

"నీకు ఎన్నడు తెలిసింది?"

"ఉగాదికి ముందు. కోయిల కూస్తుందిరా అంటే ఏడ అన్నడు."

"నాకెందుకు చెప్పలే? పెండ్లాన్ని కానా నేను?"

"మా బాపు చెవి పోయిందని తెల్వంగనే మేళపోళ్లు డోలు ఇంకొకనికి ఇచ్చిండ్రు. గా దినం సంది మా బాపు నోరు మూతవడ్డది బిడ్డా. చెవి పోతే మాటెందుకు పోవాలె? పోయింది. వీనికి గట్ల కావద్దని..." చంద్రమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకోబోయి, చేతులకు మిరపకారం ఉందని ఆగింది. "నువ్వు అన్నదే నేను మళ్ల అంటుంటి. నీకు కోపమొస్తుందని ఎరుకనే."

మనీషాకు ఆమె మీద జాలి వచ్చింది. దానికన్నా ముందు కోపం వచ్చింది. ఇన్నాళ్లూ తను రాత్రిళ్లు దిండులో మొహం పెట్టుకుని పడ్డ బాధంతా ఈమె చూస్తూనే ఉంది. ఒక్క మాట చెబితే పోయేది. చేయి వదిలి కిందికి దిగింది.

అతను వంటింట్లో పొద్దున మాడిన ఆ కుక్కర్ ముందు నిలబడి స్క్రబ్బర్‌తో రుద్దుతున్నాడు. వీపు ఇటుంది. మనీషా ఎప్పటి గొంతుతోనే పేరు పెట్టి పిలిచింది. స్క్రబ్బర్ ఆగలేదు. మళ్లీ పిలిచింది. తర్వాత గొంతును కడుపులోకి దించి, అత్తగారిలాగా బొంగురుగా, "జగదీశ్" అంది.

అతను వెంటనే తిరిగాడు. ఎదుట భార్యను చూసి తల దించుకున్నాడు.

చెవుల్లో ఎప్పుడూ గుయ్యిమంటుందని చెప్పాడు. ముందు విమానాల వల్లనే అనుకున్నాడట, తగ్గుతుందనుకున్నాడట. విమానం పొట్టలో సామాను పెట్టే అరలోకి దూరి పనిచేసేటప్పుడు, చప్పుడు ఆపే చెవులమీది కప్పులు చెమటకు తీసేసేవాడట. పాటలు వదిలేయమంటారని పాటల వల్లనేమో అన్న మాట తనలో తాను కూడా అనుకోలేదట.

"నిరుడు పరీక్షల ఎట్ల పాసైనవు?"

"గది లోపల గూసోబెట్టి చెవులకు హెడ్‌ఫోన్లు పెడతరు. చప్పుడు వినబడంగనే బటన్ ఒత్తాలె. అద్దంలకెల్లి మిషన్ కాడ ఉన్నామె చేయి కనబడ్డది. ఆమె ఒత్తంగనే నేను ఒత్తిన." కుక్కర్‌ను తిప్పి మళ్లీ రుద్దాడు. "రేపు గూడ గంతే. లేకుంటే గోదాములేస్తరు మనీషా. గాడ విమానం గూడ వినబడది. ఉన్నదే గంత. గది గూడ పోతే ఏముంటది నాకు?"

ఏమైనా ఫరవాలేదని ఆమె అనబోయి మానుకుంది. ఫరవా ఉంది. స్క్రబ్బర్ అతని చేతిలోంచి తీసుకుంది.

"బొగ్గుబాయి పాట ఎట్ల షురూ అయితది?" అని అతను అడిగాడు. "వాళ్లు ఏం విన్నరు?"

మనీషా ఆలోచించింది. అతనికి తెలిసేలా, మొహం అతని వైపే ఉంచి, దించిన బొంగురు గొంతుతో చెప్పింది. "రేకుల షెడ్డు మీద వాన మొదలైతది సూడు. పెద్ద చినుకులు గాదు. ముందుగాల వచ్చే సన్నయి. ఒకటొకటి. ఆఁ, వస్తుందనుకొని బట్టలు తీసెటాళ్లకు దగ్గరికొచ్చేస్తది. గట్ల."

అతను కళ్లు మూసుకుని విన్నాడు. "మంచిగున్నదా?"

"మంచిగున్నది."

పై నుంచి నరేందర్ వాళ్లు స్పీకర్ కట్టేసిన నిశ్శబ్దం తెలుస్తోంది, కనీసం ఆమెకు.

"రేపు నేనొస్త నీతోని" అంది. "కండ్లు మూసుకొని గూసో లోపల."

అతను కుక్కర్ మీద కుళాయి తిప్పాడు.

సోమవారం దవాఖానలో ఆ గది చిన్న పెట్టెలాగా ఉంది, పక్కన అద్దపు కిటికీ. జగదీశ్ లోపల కూర్చుని చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని బటన్ చేతిలోకి తీసుకున్నాడు. బయట బల్ల దగ్గర ఒకామె మిషన్ ముందు కూర్చుంది. మనీషాను గోడ పక్క కుర్చీలో కూర్చోమంది. అక్కడి నుంచి అతని మొహం కనబడుతోంది. అతనికి మిషన్ మీదున్న చేయి కనబడుతోంది.

మిషన్ ముందున్నామె మొదటి మీట నొక్కింది. జగదీశ్ బొటనవేలు వెంటనే కదిలింది. అతని కళ్లు తెరిచే ఉన్నాయి, అద్దంలోంచి ఆ చేతి మీదే ఉన్నాయి. మనీషా కొంగు గుప్పిట్లో బిగించుకుంది. రెండో మీట. మళ్లీ బొటనవేలు కదిలింది.

అప్పుడతను చూపు ఎత్తి భార్యను చూశాడు. తర్వాత కళ్లు మూసుకున్నాడు.

మిషన్ దగ్గరామె మీట నొక్కింది. కాసేపాగి ఇంకోటి, ఇంకోటి. జగదీశ్ తల కొంచెం పక్కకు వాల్చి, వానకోసం చెవి ఒగ్గినట్టు కూర్చున్నాడు. ఒళ్లో బటన్ మీద అతని బొటనవేలు కదలలేదు.