రేకు లేని పువ్వు

రేపటితోటి నా కడుపుకు పదకొండో వారం పడ్తది. ఇంక ఆగద్దని డాక్టరమ్మ ఖరాఖండిగ చెప్పింది. మా బావ నర్సింగం మాత్రం పరీక్షకు రక్తం ఇయ్యనంటే ఇయ్యనంటడు. నా మేనత్త కొడుకే నా మొగడు. మొండితనంల అచ్చం మా అత్తే!

మా పెద్దపిల్ల అలేఖ్యకు ఐదేండ్లు. తలసీమియా. నెలనెలా రక్తమెక్కియ్యకుంటె దాని పెదాలు పాలిపోతయి. ఇంకో పానాన్ని గా సూదుల పాలు చెయ్య నేను. మా ఇద్దరి రక్తంల తప్పు యాడున్నదో తేలితేనే, కడుపుల బిడ్డకు బొంబాయిల పరీక్ష చేస్తరట.

డాక్టరమ్మ బొమ్మ గీసి చెప్పింది. ఒంట్ల ప్రతి కణంల మెలిపడ్డ నిచ్చెన లెక్క సన్నపోగు ఉంటదట, డీఎన్‌ఏ. దాంట్ల నాలుగే అక్షరాలు, కోట్లసార్లు వరుసగ. ఆ వరుస జూసే ఒళ్లు రక్తం తయారు చేసుకుంటది. కణం రెండైనప్పుడల్లా వరుసంతా నకలైతది, తప్పుంటె తప్పుతోటే. బిడ్డకు తల్లి నుంచి ఒక నకలు, తండ్రి నుంచి ఒకటి. ఒకటన్న మంచిదుంటె బతుకు ఎల్తది. రెండూ తప్పువైతే మా అలేఖ్య.

ఇంటికొచ్చి గిదే చెప్తె అత్త లింగవ్వ గయ్యిమన్నది. "మా అయ్య రక్తానికే వంక పెడ్తవానే? నువ్వు ఎవల ఇంటి బిడ్డవే?"

"మీ ఇంటి బిడ్డనే! గదే గద నా ఏడుపు!" అని నేనూ అరిచిన.

బావ జకార్డు అట్టలు కొడ్తడు. మగ్గం మీద ఏ పోగు లేవాలెనో అట్ట మీది బెజ్జమే చెప్తది. గా రోజే మా చీరలు కొనే పర్వత్ పాటియా సేటు సరుకు వాపస్ పంపిండు. ప్రతి పువ్వుకూ ఒక రేకు లేదు.

"నా చెయ్యి తప్పది! తాత అట్టలు పక్కన వెట్టుకొని బెజ్జానికి బెజ్జం దింపిన," అని బావ గింజుకున్నడు. కొత్తది పాతదాని మీద వెట్టి చూపిండు. నిజమే, సమానం.

నేను పెట్టెల నుంచి నా పెండ్లి చీర తీసి ముందల పరిచిన. మా ఇద్దరి తాత కనకయ్య గా అట్టలతోటే నేసిండు. దాంట్ల గూడ రేకు లేదు.

"తాత ముచ్చటపడి గిట్ల వెట్టిండనుకున్నం గద," అన్నడు బావ మెల్లగ.

"నువ్వేం తప్పు చెయ్యలే బావా. ఉన్నదున్నట్టు దింపినవ్. ఇన్నేండ్లల్ల మొదలు గీసిన నక్షాతోటి ఎవలన్న సరిచూసిన్రా?"

బావ రేకు లేని జాగ మీద వేలు పెట్టుకొని కూసున్నడు. ఆఖరికి లేచి చెప్పులేసుకున్నడు.

"పా, రక్తం ఇచ్చొస్త," అన్నడు.

ఇద్దరిదీ ఒకటే తప్పు తేలింది. కడుపుల మాయ నుంచి తీసిన ముక్క బొంబాయి వోయింది. పన్నెండు రోజులకు కాయితమొచ్చింది. డాక్టరమ్మ కాయితం విప్పుతుంటె బావ నా చెయ్యి నలిపేసిండు.

"ఒకటి తప్పు, ఒకటి మంచిది. మీ లెక్కనే ఉంటది. రోగం లేదు," అన్నది డాక్టరమ్మ. నేను ఆడనే భోరుమన్న.

ఇంట్ల అత్త నా నోట్ల చక్కెర పోసింది. "ఆడపిల్ల పుడితె నా కూతురు కొడుక్కే ఇయ్యాలె, ఇప్పుడే చెప్తున్న!"

తల్లికి ఎన్నడూ ఎదురు చెప్పని మా బావ అన్నడు. "ముందుగాల వాని రక్తం చూపియ్యాలె. నీది గూడ, అమ్మా."

అత్త నా పెండ్లి చీర ఒళ్లె వేసుకొని, పువ్వు మీద వేలు వెట్టి రేకులు లెక్కవెట్టుకుంట కూసున్నది.